మ్యెచిస్వాఫ్ బెక్కర్

మ్యెచిస్వాఫ్ గ్జెగోష్ బెక్కర్ (మే 25, 1905 - జనవరి 8, 1989) పోలండ్‌లో జన్మించి కెనడా, అమెరికా దేశాల్లో పనిచేసిన ఇంజనీరు, శాస్త్రవేత్త. రోడ్డు లేని చోట నడిచే వాహనానికీ, దాని కింది నేలకూ మధ్య పనిచేసే బలాలను అధ్యయనం చేసే టెర్రామెకానిక్స్ అనే శాస్త్ర విభాగానికి ఇతడు ఆద్యుడు. ఆంగ్ల గ్రంథాల్లో ఇతని పేరు ఎం. జి. బెక్కర్ అని కనిపిస్తుంది. అపోలో 15, 16, 17 యాత్రల్లో వ్యోమగాములు చంద్రుని మీద నడిపిన వాహనం రూపకల్పనలో ఇతనికి ముఖ్యమైన పాత్ర ఉంది. చక్రం గాని, గొలుసు పట్టా గాని మెత్తని నేలలో ఎంత లోతుకు దిగబడుతుందో చెప్పడానికి ఇతడు ప్రతిపాదించిన సమీకరణం నేటికీ వాహనాల కంప్యూటరు అనుకరణ (సిమ్యులేషన్) కార్యక్రమాల్లో వాడుకలో ఉంది. డ్రైవరు లేకుండా నడిచే గొలుసు పట్టాల వాహనాలు వచ్చిన తరువాత ఈ సమీకరణం ప్రాముఖ్యతతో పాటు దాని పరిమితులు కూడా ముందుకు వచ్చాయి.

బాల్యం, విద్యాభ్యాసం

బెక్కర్ 1905లో హ్రుబ్యెషూఫ్ పట్టణానికి దగ్గరలోని స్త్షిజూఫ్ గ్రామంలో జన్మించాడు. అప్పటికి ఆ ప్రాంతం రష్యా సామ్రాజ్యం పాలనలో ఉంది. తండ్రి చక్కెర మిల్లులో ఉద్యోగి. బెక్కర్ ఉన్నత పాఠశాల విద్య కోనిన్ పట్టణంలో పూర్తయింది. 1918లో పోలండ్ స్వతంత్ర దేశంగా తిరిగి అవతరించింది. కొత్త దేశానికి సైన్యం, పరిశ్రమలు, రహదారులు అన్నీ ఏకకాలంలో నిర్మించుకోవలసి రావడంతో ఇంజనీర్ల అవసరం ఎక్కువగా ఉండేది. ఆ కాలంలోనే బెక్కర్ వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరి 1929లో ఇంజనీరింగు పట్టా పొందాడు.

వార్సాలో పరిశోధన

1931 నుండి 1939 వరకు బెక్కర్ పోలండ్ సైనిక వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద, వార్సాలోని సైనిక ఇంజనీరింగు పరిశోధన సంస్థలో పనిచేశాడు. ఎగుడుదిగుడు నేల మీద గొలుసు పట్టాల వాహనాలు నడిచే తీరు అక్కడ ఇతని పరిశోధనాంశం. తూర్పు పోలండ్‌లో బాడవ నేలలు, ఇసుక నేలలు, వసంతకాలంలో మంచు కరిగి బురదగా మారే పొలాలు విస్తారంగా ఉంటాయి. గట్టి రోడ్డు మీద చక్కగా నడిచే బండి అటువంటి చోట కదలలేకపోవడం అక్కడి సైన్యానికి నిత్యానుభవం.

ఆ రోజుల్లో వాహన నిర్మాణమంటే ప్రధానంగా ఇంజను, గేర్లు, ఉక్కు చట్రం గురించిన ఆలోచనే. నేల మెత్తగా ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఒకటే: బండిని తయారుచేసి, బురదలో నడిపి చూడటం. నడిస్తే మంచిది, నడవకపోతే మార్పులు చేసి మళ్ళీ నడపాలి. ఈ పద్ధతిలో ఖర్చు ఎక్కువ. అంతకంటే పెద్ద లోపం, ఒక పొలంలో పొందిన ఫలితం పక్క జిల్లాలోని పొలానికి వర్తిస్తుందో లేదో ఎవరూ చెప్పలేకపోవడం. వాహనాన్ని కొలిచినంత జాగ్రత్తగా నేలను కూడా కొలవాలన్న ఆలోచనే బెక్కర్ జీవితకాల పరిశోధనకు మూలమైంది.

యుద్ధం, వలస

1939 సెప్టెంబరులో జర్మనీ, ఆ తరువాత సోవియట్ యూనియన్ పోలండ్‌పై దాడి చేశాయి. బెక్కర్ ఉన్న సైనిక దళం రుమేనియాకు తరలిపోయింది. అక్కడినుండి ఇతడు ఫ్రాన్సు చేరుకున్నాడు. 1940లో ఫ్రాన్సు కూడా జర్మనీకి లొంగిపోయింది. 1942లో కెనడా ప్రభుత్వ ఆహ్వానం మీద ఒట్టావా నగరానికి చేరి, కవచ వాహనాల పరిశోధనలో ప్రవేశించాడు. 1943లో కెనడా సైన్యంలో పరిశోధకుడిగా చేరి లెఫ్టినెంట్ కల్నల్ హోదా వరకు ఎదిగాడు.

ఇతని పరిశోధనాంశం ఎంత కీలకమైనదో యుద్ధమే చూపించింది. 1941 శరదృతువులో రష్యా వర్షాలకు మట్టి రోడ్లు బురదగా మారి, మాస్కో వైపు సాగుతున్న జర్మన్ సైన్యపు వాహనాలు వేల సంఖ్యలో దిగబడ్డాయి. అదే నేలలో వెడల్పు పట్టాలు గల సోవియట్ టీ-34 ట్యాంకులు మెరుగ్గా నడిచాయి. బలమైన ఇంజను, దళసరి కవచం ఉన్నా, నేల మోయలేని వాహనం యుద్ధానికి పనికిరాదని అన్ని సైన్యాలూ గ్రహించాయి. బ్రిటన్‌లో 1944లో మికిల్‌త్వెయిట్ అనే పరిశోధకుడు మట్టి బలానికి సంబంధించిన కూలుంబ్ సూత్రాన్ని ట్యాంకు పట్టాలకు అన్వయించాడు. కెనడాలో బెక్కర్ మట్టితో పాటు మంచు మీద, బాడవ నేలల మీద వాహనాల నడకను పరిశీలించాడు.

అమెరికాలో

1956లో సైన్యం నుండి విరమించి బెక్కర్ అమెరికాకు వలస వెళ్ళాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ, డెట్రాయిట్‌లో అమెరికా సైన్యానికి చెందిన ల్యాండ్ లోకోమోషన్ ప్రయోగశాలలో పరిశోధన సాగించాడు. అదే సంవత్సరం ఇతని మొదటి పెద్ద గ్రంథం వెలువడింది. అప్పటివరకు సైనిక నివేదికల్లో, వ్యవసాయ ఇంజనీర్ల వ్యాసాల్లో చెల్లాచెదురుగా ఉన్న విషయం ఈ గ్రంథంతో ఒక శాస్త్రంగా రూపు దిద్దుకుంది.

1961లో ఇటలీలో నేల-వాహన వ్యవస్థల యాంత్రిక శాస్త్రంపై మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. దాని ఫలితంగా 1962లో ఈ రంగానికి అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 1964 నుండి టెర్రామెకానిక్స్ పేరుతోనే ఒక పరిశోధనా పత్రిక వెలువడసాగింది. వీటన్నిటి వెనుక బెక్కర్ కృషి ఉంది. 1961లోనే ఇతడు జనరల్ మోటార్స్ సంస్థలో చేరి, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఉన్న ఆ సంస్థ రక్షణ పరిశోధనాశాలల్లో పనిచేశాడు.

సిద్ధాంతం

బెక్కర్‌కు ముందే, 1913లో జర్మనీకి చెందిన బెర్న్‌స్టయిన్ నేలపై పడే ఒత్తిడికీ చక్రం దిగబడే లోతుకూ ఒక సంబంధం సూచించాడు. బెక్కర్ దానిని విస్తరించి, నేల స్వభావాన్ని మూడు సంఖ్యలతో వర్ణించాడు. మొదటిది మట్టి రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే గుణానికి (బంధనానికి) సంబంధించినది. రెండవది రేణువుల మధ్య ఘర్షణకు సంబంధించినది. మూడవది ఒక ఘాతాంకం; లోతు పెరిగేకొద్దీ నేల ఎంత త్వరగా గట్టిపడుతుందో ఇది తెలుపుతుంది. మొదటి సంఖ్యను పట్టా వెడల్పుతో భాగించి, దానికి రెండవ సంఖ్యను కలిపి, వచ్చిన మొత్తాన్ని దిగబడిన లోతు యొక్క ఘాతంతో గుణిస్తే నేల మోస్తున్న ఒత్తిడి వస్తుంది. ఇదే బెక్కర్ సమీకరణం.

ఘాతాంకం ప్రభావాన్ని ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. ఒక నేలలో ఘాతాంకం 1 అయితే, ఒత్తిడి రెట్టింపు చేసినప్పుడు బండి రెండు రెట్ల లోతుకు దిగుతుంది. ఘాతాంకం 0.5 అయితే, అదే రెట్టింపు ఒత్తిడికి నాలుగు రెట్ల లోతుకు దిగుతుంది. మొదటి నేలలో కొంచెం ఇబ్బందితో బయటపడే బండి, రెండవ నేలలో పొట్ట నేలకు ఆని ఆగిపోతుంది. పైకి చూడటానికి రెండు నేలలూ ఒకేలా ఉండవచ్చు.

గొలుసు పట్టాల ప్రయోజనం కూడా ఈ లెక్కలో స్పష్టమవుతుంది. 10 టన్నుల బండికి 40 సెంటీమీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవున నేలను తాకే రెండు పట్టాలుంటే, నేలను తాకే వైశాల్యం 2.4 చదరపు మీటర్లు. అప్పుడు సగటు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.42 కిలోలు. నడిచే మనిషి ఒక పాదం మోపినప్పుడు పడే ఒత్తిడికి ఇది ఇంచుమించు సమానం. అయితే ఈ సగటు అంకె ఒక్కటే చూస్తే పొరపాటు జరుగుతుంది. పట్టా అనేక ఇనుప ముక్కలను కలిపిన గొలుసు గనుక, లోపలి చక్రాల కింద ఒత్తిడి ఎక్కువగానూ, వాటి మధ్య తక్కువగానూ ఉంటుంది. పైగా ఒకే వైశాల్యం గల పట్టాల్లో, పొట్టిగా వెడల్పుగా ఉన్నవాటి కంటే పొడవుగా సన్నగా ఉన్నవి నేలను నొక్కి గాడి చేయడానికి తక్కువ శక్తి వ్యయం చేస్తాయని బెక్కర్ లెక్కగట్టి చూపాడు.

దిగబడకపోవడం సమస్యలో సగం మాత్రమే. ముందుకు కదలడానికి పట్టు కావాలి. జిగట మట్టిలో పట్టు ప్రధానంగా నేలను తాకే వైశాల్యం మీద ఆధారపడుతుంది. బరువు పెంచితే పట్టు పెరగదు, దిగబడటం పెరుగుతుంది. పొడి ఇసుకలో పట్టు బరువుతో పాటు పెరుగుతుంది. కాబట్టి బురదకు సరిపోయే వాహనం ఇసుకకు కూడా సరిపోతుందన్న హామీ లేదు. పట్టా కొంత జారితేనే మట్టి ఎదురు బలం చూపుతుంది. ఈ జారుడుకూ బలానికీ గల సంబంధాన్ని 1961లో యానోసి, హనమోటో అనే పరిశోధకులు ఒక సూత్రంగా ఇచ్చారు. బెక్కర్ సమీకరణం, ఈ సూత్రం కలిస్తే ఒక వాహనం ఒక నేల మీద ఎంత లోతు దిగుతుంది, ఎంత లాగగలదు అనే రెండు ప్రశ్నలకూ లెక్క దొరుకుతుంది.

బెవామీటరు

సమీకరణంలోని సంఖ్యలను కనుగొనడానికి బెక్కర్ రూపొందించిన పరికరం పేరు బెవామీటరు. బెక్కర్ పేరులోని మొదటి అక్షరాలు, విలువ అనే అర్థం గల ఆంగ్ల పదంలోని మొదటి అక్షరాలు కలిపి ఈ పేరు పెట్టారు. ఇందులో రెండు భాగాలుంటాయి. మొదటిది వేర్వేరు వెడల్పులు గల పలకలను నేలలోకి నొక్కి, ప్రతి లోతు వద్దా ఎంత బలం పట్టిందో నమోదు చేస్తుంది. రెండవది పళ్ళున్న ఒక వలయాన్ని నేల మీద ఆనించి తిప్పి, మట్టి ఎంత బలానికి తెగి జారుతుందో కొలుస్తుంది. పలకలోని ఒత్తిడి పట్టా కింది ఒత్తిడిని, వలయపు తిప్పుడు పట్టా జారుడును పోలి ఉంటాయి. వాహనం నేలకు ఏం చేస్తుందో అదే పనిని చిన్న ఎత్తున చేసి చూడటం ఈ పరికరం లక్ష్యం.

భిన్నాభిప్రాయాలు

బెక్కర్ పద్ధతిని అందరూ వెంటనే అంగీకరించలేదు. అమెరికా సైన్యానికే చెందిన మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ పరిశోధన కేంద్రం మరో మార్గం అనుసరించింది. ఒక చిన్న శంకువును చేత్తో నేలలోకి నొక్కి, ఎదురయ్యే బలాన్ని ఒకే ఒక అంకెగా నమోదు చేయడం ఆ పద్ధతి. ఎంత అంకె ఉంటే ఏ వాహనం దాటగలదో ముందుగా జరిపిన పరీక్షల పట్టికలు చెబుతాయి. ఒక సైనికుడు ఆ పరికరాన్ని మోసుకుపోయి కొద్ది నిమిషాల్లో కొలత తీసుకోగలడు. బెవామీటరు బరువైనది, దాన్ని మోయడానికే ఒక వాహనం కావాలి.

శంకు పద్ధతి వేగంగా జవాబిస్తుంది, కాని ఇంకా నిర్మించని వాహనం గురించి చెప్పలేదు. ఎందుకంటే పట్టికలు ఇప్పటికే పరీక్షించిన వాహనాలవి. బెక్కర్ పద్ధతిలో వాహనం కాగితం మీద ఉన్నప్పుడే పట్టా పొడవు, వెడల్పు మార్చి ఫలితం చూడవచ్చు, కాని నేల కొలతలు కష్టం. 1971లో అమెరికా సైన్యం రూపొందించిన వాహన గమన కంప్యూటరు నమూనా, ఆ తరువాత దాని నుండి వచ్చిన నాటో ప్రామాణిక నమూనా మట్టి విషయంలో శంకు పద్ధతినే స్వీకరించాయి. ఆ విధంగా తాను పనిచేసిన సైన్యపు అధికారిక నమూనాలోనే బెక్కర్ సమీకరణానికి చోటు దక్కలేదు.

చంద్రుని మీద వాహనం

1960ల మొదట్లో చంద్రుని ఉపరితలం గురించి శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. అక్కడ లోతైన మెత్తని ధూళి ఉందని, దిగిన నౌక అందులో మునిగిపోవచ్చని కొందరు భావించారు. ఈ పరిస్థితిలో జనరల్ మోటార్స్ పరిశోధనాశాలలో బెక్కర్, హంగేరీలో పుట్టిన ఇంజనీరు ఫెరెంత్స్ పావ్లిచ్ తదితరులు చంద్ర వాహనాల మీద పనిచేశారు. 1964లో ఈ బృందం మానవరహిత సర్వేయర్ యాత్రల కోసం ఆరు చక్రాల చిన్న వాహనం నమూనా తయారుచేసింది. అది చంద్రునికి వెళ్ళలేదు. తరువాతి దశాబ్దాల్లో అంగారక వాహనాల పరిశోధనలో దాన్ని ప్రయోగాలకు వాడుకున్నారు.

1966-68 మధ్య చంద్రునిపై దిగిన సర్వేయర్ నౌకలు అక్కడి మట్టి బరువును మోయగలదని నిరూపించాయి. 1967లో సర్వేయర్ 3 నౌకలోని చిన్న పార చంద్రుని మట్టిని తవ్వి, నొక్కి చూసింది. అంటే బెక్కర్ చెబుతూ వచ్చిన క్రమమే ఇక్కడా నడిచింది: ముందు నేల కొలత, తరువాత వాహనం. 1969 అక్టోబరులో చంద్ర వాహన నిర్మాణం బోయింగ్ సంస్థకు దక్కింది. చక్రాలు, మోటార్లు, సస్పెన్షను వంటి నడక భాగాలను ఉప ఒప్పందం కింద శాంటా బార్బరాలోని జనరల్ మోటార్స్ విభాగం తయారుచేసింది.

ఈ వాహనం బరువు భూమి మీద 210 కిలోలు. రబ్బరు టైర్లకు బదులు జింకు పూత పూసిన ఉక్కు తీగలతో అల్లిన చక్రాలు, వాటి మీద టైటానియం పట్టీలు అమర్చారు. అల్లిక చక్రం నేలకు ఆనినచోట వంగి, తాకే వైశాల్యం పెంచుకుంటుంది. నాలుగు చక్రాలకూ వేర్వేరు విద్యుత్ మోటార్లున్నాయి. 1971 జూలై 31న అపోలో 15 వ్యోమగాములు దీన్ని మొదటిసారి నడిపారు. 1972లో అపోలో 16, 17 యాత్రలతో కలిపి మూడు వాహనాలు మొత్తం సుమారు 90 కిలోమీటర్లు ప్రయాణించాయి.

రచనలు

బెక్కర్ ప్రధాన గ్రంథాలు మూడింటినీ మిషిగన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది.

- థియరీ ఆఫ్ ల్యాండ్ లోకోమోషన్ (1956): నేల మీద గమనానికి సంబంధించిన యాంత్రిక సూత్రాలు.
- ఆఫ్-ది-రోడ్ లోకోమోషన్ (1960): టెర్రామెకానిక్స్ పరిశోధన, అభివృద్ధి.
- ఇంట్రడక్షన్ టు టెరైన్-వెహికల్ సిస్టమ్స్ (1969): నేల, వాహనం రెండింటినీ ఒకే వ్యవస్థగా చూసే విధానం.

మూడవ గ్రంథం పేరులోనే ఇతని ఆలోచన సారం ఉంది. వాహనం ఒక వస్తువు, నేల మరొక వస్తువు కావని, రెండూ కలిసిన వ్యవస్థ ఒక్కటే లెక్కకు అర్హమైనదని బెక్కర్ వాదించాడు. రోడ్డు లేని చోట నడిచే వాహనాలకు సంబంధించి ఇతనికి అనేక పేటెంట్లు కూడా ఉన్నాయి.

మరణం

బెక్కర్ 1989 జనవరి 8న శాంటా బార్బరాలో మరణించాడు. నేల-వాహన వ్యవస్థల అంతర్జాతీయ సంఘం ఇచ్చే ఒక పురస్కారానికి ఇతని పేరును రీస్, రాడ్‌ఫోర్త్ అనే మరో ఇద్దరు పరిశోధకుల పేర్లతో కలిపి పెట్టారు.

కంప్యూటరు అనుకరణలో బెక్కర్ సమీకరణం

బెక్కర్ తన సమీకరణాన్ని రూపొందించిన కాలంలో కంప్యూటర్లు అరుదు. పట్టా మొత్తాన్ని ఒకే పలకగా భావించి చేతితో లెక్క కట్టడం తప్పనిసరి. కంప్యూటర్లు శక్తిమంతమైన తరువాత ఇదే సమీకరణాన్ని పట్టాలోని ప్రతి ముక్క కిందా, ప్రతి క్షణానా లెక్కించడం సాధ్యమైంది. కెనడాలోని కార్ల్టన్ విశ్వవిద్యాలయంలో జె. వై. వాంగ్ ముందు చక్రం నొక్కిన మట్టి మీదుగా వెనుక చక్రం వెళ్ళినప్పుడు నేల స్పందించే తీరును కొలిచి, గొలుసు పట్టాల వాహనాలకు ప్రత్యేక అనుకరణ నమూనాలు తయారుచేశాడు.

ఇటువంటి అనుకరణ స్థూలంగా నాలుగు మెట్లుగా సాగుతుంది. మొదట వాహనం బరువు, పట్టా కొలతలు, లోపలి చక్రాల స్థానాలు ఇవ్వాలి. రెండవ మెట్టులో ప్రతి ముక్క కింద లోతు, ఒత్తిడి బెక్కర్ సమీకరణం ద్వారా వస్తాయి. మూడవ మెట్టులో జారుడును బట్టి పట్టు వస్తుంది. నాలుగవ మెట్టులో పట్టు నుండి, గాడి చేయడానికి అయిన నిరోధాన్ని తీసివేస్తే మిగిలేదే వాహనం లాగగల బలం. అది సున్నా కంటే తక్కువైతే వాహనం ఆ నేలలో ఆగిపోతుంది.

మట్టిని లక్షలాది రేణువులుగా భావించి ఒక్కొక్క రేణువు కదలికనూ లెక్కించే పద్ధతులు కూడా ఉన్నాయి. అవి మరింత వాస్తవికమైనవి, కాని కొద్ది సెకన్ల కదలికకు గంటల తరబడి లెక్క సాగవచ్చు. అందువల్ల వేగం అవసరమైన చోట బెక్కర్ సమీకరణం ఆధారంగా నడిచే నమూనాలు నిలిచాయి. జర్మన్ అంతరిక్ష సంస్థలో ఇటువంటి నమూనా ఒకటి గ్రహాంతర వాహనాల కోసం తయారైంది. అదే విధానాన్ని తరువాత ఉచితంగా లభించే క్రోనో అనే అనుకరణ సాఫ్ట్‌వేరులో చేర్చారు. 2010ల మధ్యలో నాటో దేశాలు తమ పాత నమూనా స్థానంలో కొత్త తరం నమూనా ప్రయత్నం ప్రారంభించి, శంకు అంకెతో పాటు బెక్కర్ తరహా భౌతిక లెక్కలను కూడా తెచ్చాయి. బెక్కర్ మరణించిన పాతికేళ్ళ తరువాత ఇది జరిగింది.

మానవరహిత వాహనాలు

డ్రైవరు ఉన్న బండిలో నేల మెత్తబడటం మొదట డ్రైవరు శరీరానికే తెలుస్తుంది. ఇంజను శబ్దం మారుతుంది, బండి వేగం తగ్గుతుంది, అతడు వెనక్కి తీయడమో దారి మళ్ళించడమో చేస్తాడు. మానవరహిత వాహనానికి ఆ అనుభవం లేదు. కెమెరా రాయిని, గుంతను చూపగలదు గాని, పైన ఎండి లోపల తడిగా ఉన్న మట్టిని చూపలేదు. అందుకే దారి ఎంచుకునే ముందు నేల మోయగలదో లేదో లెక్క వేయడం ఇటువంటి వాహనాలకు అత్యవసరం.

ఈ ప్రమాదానికి ప్రసిద్ధ ఉదాహరణ అంగారకునిపై నాసా వాహనం స్పిరిట్. 2009లో గట్టిగా కనిపించిన పై పొర విరిగి, కింది మెత్తని ఇసుకలో దాని చక్రాలు దిగబడ్డాయి. నెలల తరబడి ప్రయత్నించినా బయటకు తీయలేక, 2010 జనవరిలో దాన్ని కదలని పరిశోధన కేంద్రంగా ప్రకటించారు. అదే ఏడాది మార్చి తరువాత దాని నుండి సంకేతాలు రాలేదు.

బెక్కర్ లెక్కకు ఇక్కడ ఒక పరిమితి ఉంది. సమీకరణం చదునైన పలకల పరీక్షల నుండి వచ్చింది. 50 సెంటీమీటర్ల కంటే చిన్న చక్రాల విషయంలో ఫలితాల ఖచ్చితత్వం తగ్గుతుందని బెక్కర్ స్వయంగా గుర్తించాడు. సైన్యాలు, పరిశోధనాలయాలు వాడే మానవరహిత వాహనాల్లో చాలా వరకు చిన్నవి, తేలికైనవి. వాటి కోసం చక్రపు వంపును కూడా లెక్కలో చేర్చే సవరణలను తరువాతి పరిశోధకులు ప్రతిపాదించారు. సవరణ ఏదైనా, సంఖ్యలు ఆ నేల నుండి కొలిచి తెచ్చినవి కాకపోతే అనుకరణ చూపే దృశ్యం అందంగా ఉంటుందే గాని నమ్మదగినది కాదు.

తెలుగు ప్రాంతాల్లో ప్రాసంగికత

గొలుసు పట్టాల వాహనాలతో తెలంగాణకు ప్రత్యక్ష సంబంధం ఉంది. హైదరాబాదు నుండి కూకట్‌పల్లి మీదుగా సంగారెడ్డి వైపు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి పరిసరాల్లోనే ఈ రంగానికి సంబంధించిన ముఖ్య సంస్థలు కొన్ని ఉన్నాయి. ఎద్దుమైలారంలో 1984లో స్థాపించిన మెదక్ ఆయుధ కర్మాగారం పదాతి దళాలను మోసే బీఎంపీ-2 గొలుసు పట్టాల వాహనాలను తయారుచేస్తూ వచ్చింది. సుమారు 14 టన్నుల ఈ వాహనం నీటిలో కూడా ఈదగలదు. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయిన తరువాత ఈ కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్‌లో భాగమైంది. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఆవడి (చెన్నై) ప్రయోగశాల 2017లో ప్రదర్శించిన మానవరహిత గొలుసు పట్టాల వాహనం ముంత్ర కూడా బీఎంపీ-2 ఆధారంగా రూపొందినదే. నిఘా, మందుపాతరల గుర్తింపు, అణు-రసాయన ప్రమాద ప్రాంతాల పరిశీలన దాని మూడు రూపాల పనులు. దాన్ని రాజస్థాన్ ఎడారిలో పరీక్షించారు.

హైదరాబాదు ఐఐటీ 2008లో ఎద్దుమైలారం కర్మాగారం ఆవరణలోనే తాత్కాలికంగా ప్రారంభమై, తరువాత కందిలోని సొంత ఆవరణకు మారింది. మానవరహిత వాహనాల స్వయంచాలక గమనాన్ని పరీక్షించే టీహాన్ కేంద్రం అక్కడే 2022 జూలైలో ప్రారంభమైంది. కూకట్‌పల్లిలో 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రధాన ఆవరణ ఉంది. దానికి పక్కనే హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కంప్యూటరు రంగం విస్తరించింది. యంత్రం తయారీ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు, ఇంజనీరింగు విద్య మూడూ ఒకే దారి వెంట ఉన్న ప్రాంతమిది.

ఈ ప్రాంతంలో నేలలు కూడా అతి వేగంగా మారుతాయి. కూకట్‌పల్లి, మాదాపూర్ పరిసరాల్లో గట్టి రాతి గుట్టలు, వాటి పక్కన మొరం, ఎర్ర చల్క, చెరువు శిఖం భూముల్లో జిగట ఒండ్రు కొద్ది దూరంలోనే కనిపిస్తాయి. జహీరాబాదు, వికారాబాదు వైపు నల్ల రేగడి మొదలవుతుంది. రేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి రాయిలా గట్టిపడుతుంది. వాన పడితే ఉబ్బి, చక్రాలకు అంటుకునే జిగటగా మారుతుంది. బెక్కర్ పద్ధతిలో చూస్తే ఒకే పొలానికి మే నెలలో ఒక సంఖ్యల సమితి, ఆగస్టులో మరొక సమితి ఉంటాయి. రాజస్థాన్ ఇసుకకు సరిపోయిన లెక్క తడి రేగడికి సరిపోదు.

తెలుగు రైతులకు ఈ సూత్రాలు పేరు తెలియకుండానే పరిచయం. దమ్ము చేసే ట్రాక్టర్లకు ఇనుప చక్రాలు తగిలించడం బురదలో పట్టు కోసమే. కోతల కాలంలో వాన పడి మడి తడిస్తే టైర్ల హార్వెస్టరు దిగబడుతుంది గనుక, గంట కిరాయి ఎక్కువైనా చైన్ హార్వెస్టరును పిలిపిస్తారు. బరువును ఎక్కువ వైశాల్యానికి పంచడం, జిగట మట్టిలో బరువు కంటే వైశాల్యం మీద ఆధారపడటం అనే బెక్కర్ సూత్రాలే ఆ నిర్ణయంలో ఉన్నాయి. అదే పొలంలోకి డ్రైవరు లేని యంత్రాన్ని పంపాలంటే, రైతు కాలితో తొక్కి తెలుసుకునే విషయాన్ని ముందుగా కొలిచి, సంఖ్యలుగా మార్చి యంత్రానికి అందించాలి.